బీబమ్మక్క ఐదు రోజుల చీటీ

ఉదయగిరిలో మా మందుల షాపుకు సరిగ్గా ఎదురుగా ఒక రేకుల షెడ్డు ఉంది. పొద్దున తొమ్మిదింటికల్లా అందులో పన్నెండుమంది ఆడవాళ్లు చేరి, మా కొండ మీద దొరికే నర్ది, కల్ది, బిక్కి కొయ్యలతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు, దువ్వెనలు చెక్కుతుంటారు. సాయంత్రం దాకా కత్తుల టకటక, ఆకురాళ్ల గరగర, వాటిని మించి నవ్వులు. ఆ నవ్వుల్లో ముప్పాతిక వంతు బీబమ్మక్క పుట్టించినవే.

మందులమ్మేవాడు పళ్లు ఇకిలిస్తే మందు పనిచేయదని మా నాయన నమ్మకం. ఆ మాట నిలబెడదామని ఇరవై ఏళ్లుగా ముఖం ముడుచుకుని కౌంటర్ వెనక కూర్చుంటున్నాను. ఎదురుగా బీబమ్మక్క ఉంటే అది అయ్యే పని కాదు. జ్వరంతో వచ్చినవాడు చీటీ అందిస్తుంటే రోడ్డవతల నుంచి ఆమె ఏదో ఒకటి అంటుంది. వాడూ నవ్వుతాడు, నేనూ నవ్వుతాను, వాడి జ్వరం సగం అక్కడే దిగిపోతుంది. నా వ్యాపారానికి ఆమె చేసిన నష్టం అంతా ఇంతా కాదు.

ఆమెకు అరవై రెండేళ్లు. మనిషి అరబస్తా జొన్నలంత ఉంటుంది, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. నేల మీద కూర్చుని, కొయ్యముక్కను రెండు పాదాల మధ్య ఇరికించి, నడుం వంచి చెక్కడం మొదలుపెడితే పొద్దుగూకేదాకా లేవదు. ఆమెకు గొప్పలు రెండే రెండు. ఆమె చేసిన గరిటె ఏ ఇంట్లోనూ పప్పులో పగలలేదు. ఆమె పట్టిన రోజా ఏ రంజాన్‌లోనూ తప్పలేదు. పదహారో ఏట మొదలుపెట్టిన ఉపవాసాలు. కాన్పులప్పుడు, నెలసరి రోజుల్లో ఆగినవాటిని కూడా చలికాలంలో ఒక్కటి వదలకుండా ఒంటరిగా పట్టేసేది. అందుకే షెడ్డులో ఒక ఆనవాయితీ ఏర్పడిపోయింది. రంజాన్ నెలలో పొద్దు వాలగానే అందరూ అక్కడే చాప పరిచి రోజా విడుస్తారు. మసీదులో అజాన్ వినిపించగానే మొదటి ఖర్జూరం బీబమ్మక్క నోట్లో పడాలి. తర్వాతే మిగతావాళ్లు. అందరికంటే చిన్నది నజ్నీన్, ఇరవై నాలుగేళ్ల పిల్ల, ఆ ఖర్జూరం అందించేది. అప్పుడు బీబమ్మక్క ముఖం చూడాలి, ఊరి ప్రెసిడెంటు ప్రమాణస్వీకారం కూడా దానిముందు దిగదుడుపే.

దగ్గరదగ్గర మూడేళ్ల కిందట వానలప్పుడు కొయ్యమూట ఎత్తబోయి తడి బండ మీద జారి కూలబడింది. నెలైనా నొప్పి తగ్గకపోతే కొడుకు సాదిక్ తన ఆటోలోనే ఆత్మకూరు తీసుకుపోయాడు. అక్కడ ఎముకల డాక్టరు ఫొటో తీయించి, వెన్నులో పూస పక్కకు జరిగిందని చెప్పి, నొప్పికి క్యాప్సూల్స్ రాశాడు. ఐదు రోజులకే అని చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద గీత కూడా గీశాడు. ఆ మహానుభావుడి తప్పేమీ లేదు.

తప్పులన్నీ మా ఊళ్లోనే జరిగాయి. మొదటి క్యాప్సూల్ ఇచ్చింది నేనే. సగం పచ్చ, సగం పసుపు. వేసుకున్న గంటకు షెడ్డులోంచి కేక వినపడింది.

“శేఖరా! నా నడుము యాడికో పోయిందిరా! ఎతికి తెచ్చియ్యబాక, పోతే పోనీ!”

ఆ రోజంతా ఆమె సంబరం చూసి ఊరు ఊరంతా మురిసిపోయింది. నెల నుంచి పడుకోలేక, కూర్చోలేక ఏడ్చిన మనిషి పాటలు పాడింది. దువ్వెన మీద రెండు నెమళ్లు చెక్కుదామని మొదలుపెట్టి ఏడు చెక్కింది. పళ్లకు చోటు మిగల్లేదు. ఆ క్యాప్సూల్స్‌కు ఆమే ‘చిలకలు’ అని పేరు పెట్టింది. ఆ పేరు నా నోటికీ వచ్చేసింది.

ఐదు రోజులు అయ్యాయి. ఆరో రోజు చీటీ మళ్లీ వచ్చింది, ఈసారి లామినేషన్ చేయించుకుని. మాది ఆధార్ కార్డుకు, రేషన్ కార్డుకు, పెళ్లి ఫొటోకు, చివరికి కరెంటు బిల్లుకు కూడా లామినేషన్ చేయించే ఊరు. పనికొచ్చే కాగితం కనపడితే ప్లాస్టిక్ తొడిగించేదాకా మాకు నిద్రపట్టదు. జిరాక్స్ షాపువాడు కూడా అది మందుల చీటీ అని చూడలేదు, అంచులు గుండ్రంగా కత్తిరించి మరీ ఇచ్చాడు.

“అక్కా, ఇది ఐదు రోజులకే రాసింది” అన్నాను.

“ఐదు రోజులనే రాసినాడు. ఏ ఐదు రోజులో రాసినాడా?” అంది.

ఐదు రోజులకు కట్టి ఇచ్చాను. మందు ఇచ్చాక చీటీ మీద షాపు స్టాంపు వేయాలి, అది రూలు. వేశాను. ప్లాస్టిక్ మీద ఇంకు ఆరుతుందా? నా కళ్ల ముందే కొంగుతో తుడిచేసి, అద్దంలా మెరిసే చీటీని జాకెట్లో పెట్టుకుని వెళ్లిపోయింది. నేను పడీపడీ నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. నేను చదువుకున్నవాణ్ని. ఆ మందు అలవాటు పడుతుందని, లెక్క తప్పితే ఒంటికి చేటని తెలిసినవాణ్ని. తెలిసీ ఇచ్చాను. కంచే చేను మేసిందంటే ఇదే.

చీటీకి రెండేళ్ల ఆయుష్షు వచ్చింది. నేను వారానికి ఇంత అని బిగించి ఇస్తే, గరిటెల బేరానికని కొడుకు ఆటోలో బయలుదేరి కలిగిరిలో ఒకసారి, మర్రిపాడులో ఒకసారి, ఆత్మకూరులో ఒకసారి చూపించి తెచ్చుకునేది. పూటకు ఒకటి అన్నది రెండయింది. మందు తెచ్చే దురదకు ఎప్పుడూ ముక్కు గోక్కునేది. చిలకలతో పాటు ఇసబ్‌గోలు డబ్బా కూడా కొనేది, కడుపు కదలడం లేదని రోడ్డంతా వినపడేలా చెప్పి మరీ. ఉషారుగా ఉన్న పూట ఆమెకు పట్టపగ్గాలుండేవి కావు. ఒకసారి హైదరాబాదు నుంచి వంద ఫోర్కులకు ఆర్డరు వస్తే, మూడు పళ్లు పెట్టాల్సిన చోట ఐదేసి పెట్టింది.

“ఇదేంది అమ్మీ?” అని కోడలు సాయిరా తల పట్టుకుంది.

“మనిషి చేతికి వేళ్లు ఎన్ని? ఐదుగదా! అల్లా కంటే ఎక్కువ తెలుసా నీకు?” అని గదమాయించింది బీబమ్మక్క. ఆశ్చర్యం ఏమంటే, ఆ ఫోర్కులు అవతలివాళ్లకు తెగ నచ్చాయట, ఇంకో వంద అడిగారు.

ఇలాంటి మనిషిని ఎవరు అనుమానిస్తారు? నొప్పి మందుకు బానిస అయినవాళ్లంటే కళ్లు గుంటలు పడి, గోడకు ఆనుకుని ఉంటారని మన ఊహ. మా బీబమ్మక్క నెమళ్లు చెక్కుతోంది.

అంతకుముందు రంజాన్‌లలో పూటకు ఒకటే కాబట్టి ఎలాగో గట్టెక్కింది. మొన్నటి రంజాన్ వచ్చింది. ఎండలు అప్పుడే ముదిరాయి. బీబమ్మక్క ముందే పథకం వేసుకుంది. తెల్లవారకముందు సహరీ భోజనంతో మూడు చిలకలు, పొద్దువాలాక ఇఫ్తార్‌తో మూడు. మధ్యలో ఏమీ లేదు. లెక్క సరిగ్గానే ఉంది. ఒళ్లే ఆ లెక్క ఒప్పుకోలేదు.

మొదటి రోజు మధ్యాహ్నం రెండు దాటగానే ఆవలింతలు మొదలయ్యాయి. ఒకటి కాదు, రెండు కాదు, దవడ పట్టేసేంత. ముక్కు కారింది, కళ్లు కారాయి. ఆ ఎండలో ఒళ్లంతా గగుర్పొడిచింది. కాళ్లు వాటంతట అవే తన్నుకున్నాయి. షెడ్డులో ఆడవాళ్లు ఇదంతా చూసి భక్తి అనుకున్నారు! రంజాన్ మొదటి రోజే బీబమ్మ దైవభయంతో కన్నీళ్లు పెట్టుకుంటోందని కబురు వీధి దాటిపోయింది. మర్నాటికి పక్క వీధి నుంచి ఇద్దరు వచ్చి, కొడుక్కి ఉద్యోగం రావాలని, కూతురికి సంబంధం కుదరాలని దువా చెయ్యమని చేతులు పట్టుకున్నారు. ఆమె ముక్కు తుడుచుకుంటూ అందరికీ దువా చేసింది. లోపల మాత్రం ‘అల్లా, పొద్దు తొందరగా వాలించు’ అని ఒకటే దువా అట.

నాలుగో రోజు మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు వచ్చింది.

“శేఖరా, ఒకామె ఉండాది.”

“ఎవరక్కా?”

“నువ్వెరగవులే. ఆమె రోజా ఉండాది. ఆమె నీళ్లు తాక్కుండా, ఒట్టి గొంతుతో చిలకను మింగిందనుకో. అది తిండి కాదు, నీళ్లు కాదు. ప్లాస్టిక్ గొట్టం. దానికి రోజా ఎట్టా పోద్ది?”

“నన్నెందుకక్కా అడుగుతావు? మీ పెద్దలను అడగమను.”

“అడిగితే పోద్దంటారు. అందుకే నిన్ను అడుగుతాండా.”

నాకు నవ్వు రాలేదు. ఆమె నుదుటి మీద చెమట, చేతి మీద నిక్కిన వెంట్రుకలు దగ్గరగా చూశాను. ఆ ‘ఒకామె’ ఎన్ని వేసుకుంటోందని అడిగాను. ఆరు అంది. ఒక్కోనాడు ఎనిమిది అంది. తర్వాత కౌంటర్ మీద తల ఆనించి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

“మింగినానురా. కొయ్యపొట్టు గుట్ట ఎనకాల దాక్కొని మింగినాను. ఆ సాయంత్రమే ఆ పిల్ల నా నోట్లో ఖర్జూరం పెట్టింది. నేను తిన్నాను. సాయిరాకు చెప్పబాక. ఎవురికీ చెప్పబాక.”

సుగర్ ఉన్నవాళ్లు, బాలింతలు పట్టుదలకు పోయి రోజా ఉంటామంటే, జబ్బు మనిషికి దేవుడే మినహాయింపు ఇచ్చాడని చెప్పి అన్నం తినిపించేది ఇదే బీబమ్మక్క. తన విషయానికి వచ్చేసరికి, నలభై ఏళ్లు దాటిన ఆ పేరు అడ్డం వచ్చింది. రోజా పోవడం కంటే ఆ పేరు పోవడం ఆమెకు పెద్ద భయం.

నేను చేసిన రెండో తప్పు ఇక్కడే. భయపడిపోయి, ఇక ఒక్కటి కూడా ఇవ్వనని అడ్డంగా చెప్పేశాను. అదే వారం తనిఖీలు జరుగుతున్నాయని పుకారు వచ్చి నాలుగూళ్ల షాపులూ ఒక్కసారిగా బుద్ధిమంతులైపోయాయి. కలిగిరిలో చీటీ చూసి తిప్పి పంపారు. మర్రిపాడులో చీటీని ఎండకు ఎత్తి చూసి, చాలా బాగుందని మెచ్చుకుని మరీ తిప్పి పంపారు. ఉన్న నాలుగు అయిపోయాయి. షెడ్డు మూగబోయింది. ఇంకో ముగ్గురు ఆడవాళ్లు కూడా దవడలు పగిలేలా ఆవలించడం నా కౌంటర్ నుంచి చూశాను. ఉపవాసం కదా అనుకున్నాను. వాళ్లలో కొయ్యకు గరుకు కాగితం పట్టే లిదియమ్మ చర్చికి పోయే మనిషి, ఆమెకు రోజా ఏమిటని ఆ క్షణంలో నా బుర్రకు తట్టలేదు.

రెండో రోజుకు బీబమ్మక్క వాంతులు, విరేచనాలతో సాదిక్ ఆటోలో పడి ఉంది. నేను షట్టర్ దించి ఎక్కాను. గంటన్నర దారి. సాయిరా ఒళ్లో తల పెట్టుకుని కూడా ఆమె ఊరుకోలేదు.

“మెల్లగా పోరా సాదిక్, నన్ను చంపేది జబ్బు కాదు, నీ గుంతలు” అంటూనే ఉంది.

ఆత్మకూరు పెద్దాసుపత్రిలో డాక్టర్ అశ్విత అని ముప్పై ఏళ్లు నిండని అమ్మాయి చూసింది. బీబమ్మక్క సాయిరాను నీళ్లు తెమ్మని బయటికి పంపి, జాకెట్లోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ దాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది. పెదవి కొరుక్కుంది. ఆగలేక నవ్వేసింది.

“ఎన్నాళ్లయిందమ్మా లామినేషన్ చేయించి?”

“రెండేండ్లు. గట్టి ప్లాస్టిక్, చూడండి, యాడా లేవలేదు.”

“రోజుకు ఎన్ని వేసుకుంటున్నారు?”

“రెండు” అంది బీబమ్మక్క. డాక్టరమ్మ నా వైపు చూసింది. బీబమ్మక్క కూడా నా వైపు చూసింది, కళ్లతోనే నా పీక నులుముతూ. ఆరు, ఒక్కోరోజు ఎనిమిది అని చెప్పేశాను. ఇచ్చింది నేనే అని కూడా చెప్పాను. లైసెన్సు పోయే మాటే గానీ, చెప్పాక నా గుండె మీది బండ దిగింది.

డాక్టరమ్మ తిట్టలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, “అమ్మా, మీరు చెడ్డవాళ్లు కాదు. నొప్పికి వేసుకున్నారు, ఒళ్లు దానికి అలవాటు పడింది. ఉన్నట్టుండి ఆపితే ఇలాగే అవుతుంది. ఎక్కువ వేసుకుంటే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. కొంచెం కొంచెంగా తగ్గిద్దాం. చాలా నెలలే పట్టొచ్చు. నొప్పికి వేరే మందు, వ్యాయామం చెబుతాను. కానీ వేళకు వేసుకోవాలి, మధ్యాహ్నం కూడా. ఈ నెల ఉపవాసం వద్దు” అంది.

“పొరపొరగా తియ్యాలంటారు” అంది బీబమ్మక్క ఆలోచిస్తూ. “నిజమే. ఒక్క దెబ్బకు చెక్కితే కొయ్య పగులుద్ది.” మరుక్షణం లేచి కూర్చుంది. “అయితే రోజా మాత్రం ఉంటాను. మధ్యాహ్నందొకటి వదిలేసి, సాయంత్రం రెండు చేసుకుంటే?”

“వద్దు.”

“శుక్రవారాలు మాత్రం?”

“వద్దమ్మా.”

“చివరి పది రోజులు?”

గరిటెలు కొనేవాళ్లతో ఆమె బేరం చూసినవాణ్ని. ఆ పూట మొదటిసారి ఓడిపోయింది. డాక్టరమ్మ పాత చీటీని రద్దు చేద్దామని చించబోయింది, అది చిరగలేదు. కత్తెర పెట్టింది, జారిపోయింది. చివరికి డ్రాయరులో పడేసి తాళం వేసింది. కొత్త చీటీ రాసి, “దీనికి లామినేషన్ చేయించకండి” అంది.

వెనక్కి వచ్చాక మూడు రోజులు బీబమ్మక్క రోజా ఉన్నట్టే నటించింది. మధ్యాహ్నం రెండింటికి మా షాపు వెనక గదికి వచ్చి, మందు వేసుకుని, రెండు ముద్దల అన్నం తిని, మూతి తుడుచుకుని, దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా వెళ్లేది. ఒళ్లు తేరుకుంది గానీ మనిషి నవ్వడం లేదు. సాయంత్రం ఖర్జూరం తినేటప్పుడు కళ్లు మూసుకునేది. అందరూ దాన్నీ భక్తే అనుకున్నారు. మా ఊళ్లో భక్తికి ఎప్పుడూ కొరత లేదు.

శుక్రవారం వచ్చింది. ప్రతి ఏడూ రంజాన్‌లో ఒక శుక్రవారం షెడ్డుకు పుచ్చకాయలు నేను తీసుకుపోతాను. ఆ సాయంత్రం రెండు చంకల్లో రెండు కాయలతో గుమ్మంలో నిలబడ్డాను. చాప మీద అందరూ కూర్చున్నారు. లిదియమ్మ కూడా, శర్బత్ గ్లాసులు సర్దుతూ. అజాన్ వినిపించింది. నజ్నీన్ ఖర్జూరం తీసి బీబమ్మక్క నోటి దగ్గర పెట్టింది.

బీబమ్మక్క ఆ పిల్ల మణికట్టు పట్టుకుని ఆపింది.

“నాకు పెట్టబాక. నేను రోజా లేను.”

ఎవరికీ అర్థం కాలేదు. సాయిరా నవ్వింది, అత్త ఏదో వేళాకోళం ఆడుతోందనుకుని.

“నవ్వబాక మేయ్. నడుం నొప్పికని మొదలుపెట్టి, ఆ చిలకలు లేకపోతే బతకలేని కాడికి వచ్చినాను. మొదట్లో దొంగతనంగా మింగినాను. ఇప్పుడు డాక్టరమ్మ మింగమంటే మింగుతాండా. మధ్యాహ్నం శేఖర్ షాపులో అన్నం తిన్నాను, గోంగూర పచ్చడితో. మీరంతా నన్ను దువా అడిగినారే, అప్పుడు నాకొచ్చింది భక్తి కాదు, మందు లేక ఒణుకు.”

అజాన్ అయిపోయింది. ఎవరి చేతిలో ఖర్జూరం వాళ్ల చేతిలోనే ఉంది. నా చంకల్లో కాయలు జారుతున్నాయి, దించడానికి ధైర్యం చాలలేదు. సాయిరా ముఖం ఎర్రబడింది. ఇక ఆ ఇంట్లో ఆ రాత్రి ఏమవుతుందో అని నేను హడలిపోతుంటే, లిదియమ్మ గ్లాసు కింద పెట్టింది.

“నాకు రోజా ఏం లేదు, చెప్పడానికి సిగ్గూ లేదు” అంది. “నేను రోజుకు మూడేస్తాండా బీబమ్మక్కా. నీ డబ్బాలోవే, అవి అయిపోతే రెట్టింపు డబ్బులిచ్చి తెప్పించుకున్నవి.”

టీ గ్లాసుల పక్కన మేకుకు ఒక రేకు డబ్బా వేలాడుతుండేది. అందులో సోంపు ఉంటుందనుకునేవాణ్ని. బీబమ్మక్క చెయ్యి పెద్దది కదా, తనకు దొరికిన సుఖం తన ఒక్కదానికే ఎందుకని, నాలుగూళ్లు తిరిగి తెచ్చిన చిలకల్లో సగం ఆ డబ్బాలో పోసి, నొప్పొస్తే తీసుకోండే అని అందరికీ చెప్పిందట. నేల మీద కూర్చుని నడుం వంచి చెక్కేవాళ్లకు నొప్పి రాని రోజు ఉంటుందా? ఎవరెన్ని తీసుకున్నారో ఆమె ఏనాడూ చూసుకోలేదు.

మూలనున్న ఇంకొకామె చెయ్యెత్తింది. “నేను రెండు.” ఆ పక్కామె కూడా అంది, “నేనూ రెండే, సంత రోజు మూడు.” బడిలో హాజరు పలికినట్టు పలుకుతుంటే ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అంటుకుంది. రోజా విడవని నోళ్లతో అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఉపవాసం ఉన్నామనుకున్నవాళ్లు, లేమని చెప్పలేకపోయినవాళ్లు, కాయలు కింద పడేసిన నేను, అందరమూ. బీబమ్మక్క కూడా నవ్వుతోంది, వారం తర్వాత మొదటిసారి.

“నేను నాలుగు ఖాలా” అంది నజ్నీన్.

ఆ పిల్ల నవ్వడం లేదు. ఖర్జూరం ఇంకా చేతిలోనే ఉంది. “నాకు నడుం నొప్పి తగ్గి ఏడాదయింది. అయినా మానలేకపోతాండా. మొన్న మీరు లేనప్పుడు డబ్బా ఖాళీ అయింది. నాకు బతకాలనిపించలేదు.”

నవ్వు ఆగిపోయింది. బీబమ్మక్క ఆ పిల్లను ఒక్కసారిగా దగ్గరికి లాక్కుని గుండెకు హత్తుకుంది. తన పేరు పోయిందన్న బాధ అప్పటిదాకా ఆమె ముఖం మీద ఏ మూలో ఉండింది. అది కూడా లేకుండా పోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటం తన ఒక్కదాని సంగతి అనుకుంది ఆమె. తన చేత్తోనే ఇంకొకరికి ఆ మందు పోసిందని అప్పుడే తెలిసింది. నాకూ అప్పుడే తెలిసింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు, నా పిడికిలి అందులో పెద్దదే.

“నేనే ఇచ్చినాను బిడ్డా” అని పదేపదే అంది. ఎంతో సేపు తర్వాత కళ్లు తుడుచుకుని, ఆ పిల్ల చేతిలో ఖర్జూరం తీసుకుని ఆ పిల్ల నోట్లోనే పెట్టింది. ఆమె గొంతు మళ్లీ మైకైంది.

“రేపు పొద్దున్నే ఆత్మకూరు! సాదిక్ ఆటో, ఇంకో ఆటో. శేఖరా, నువ్వూ ఎక్కు, నువ్వేమన్నా పత్తిత్తువా? ఇదో నజ్నీన్, నువ్వు నాలుగు, నేను ఆరు. ఎవురు ముందు సున్నాకు వస్తారో పందెం!”

మర్నాడు డాక్టరమ్మ గది ముందు బెంచీ నిండిపోయింది. ఒక్కొక్కరికీ విడివిడిగా చీటీ, విడివిడిగా లెక్క, నొప్పికి వ్యాయామాలు. నజ్నీన్‌తో తలుపు వేసి చాలాసేపు మాట్లాడి, నెల్లూరులో మనసు డాక్టరు దగ్గరికి కూడా పంపింది. “ఇవన్నీ ఎవరిచ్చారు?” అని అడిగితే నలుగురూ నేల చూశారు. “నేనే” అంది బీబమ్మక్క. “ఈమెకు నేను” అన్నాను నేను. అప్పటినుంచి చీటీలో ఎంతుంటే అంతే, వారానికి ఒకసారే, ఒక్కటి కూడా ఎక్కువ కాకుండా నేను ఇవ్వాలన్నది డాక్టరమ్మ పెట్టిన షరతు. నేల మీద కూర్చోవద్దంటే వడ్రంగి ఓబయ్యతో కొయ్యను బిగించే బల్లలు చేయించారు. మొదటి నెల ఆ బల్లలను తిట్టని తిట్టు లేదు. కోడిపుంజులు గూటి మీద కూర్చున్నట్టుందని బీబమ్మక్క రోజుకు పదిసార్లు దిగి, నజ్నీన్ కేక వేస్తే పదిసార్లు ఎక్కేది.

సాయిరా పదిహేను రోజులు అత్తతో మాట్లాడలేదు. పదహారో రోజు మధ్యాహ్నం రెండింటికి తనే అన్నం కలిపి షెడ్డుకు తెచ్చింది. ఉపవాసం ఉన్న ఆడవాళ్ల మధ్య బీబమ్మక్క గోడవైపు తిరగకుండా, పొట్టు గుట్ట వెనక్కి పోకుండా తిని, గ్లాసెడు నీళ్లతో మందు వేసుకుంది.

పందెంలో బీబమ్మక్క ఓడిపోయింది. ఆరు నుంచి ఐదు, ఐదు నుంచి నాలుగు, మధ్యలో రెండుసార్లు వెనక్కి జారి మళ్లీ ఐదు. నొప్పి పూర్తిగా పోలేదు, వానొస్తే పట్టేస్తుంది, అప్పుడు ఊరంతా తిట్లు తింటుంది. అందరికంటే నేను ఎక్కువ. ఇప్పుడు రోజుకు ఒకటి మీద ఉంది. ఆ ఒక్కటి మహా మొండిదని అంటుంది.

పోయిన వారం మధ్యాహ్నం నజ్నీన్ షాపుకు వచ్చి, నేను వారం వారం కట్టి ఇచ్చిన నాలుగు పొట్లాలు విప్పకుండా తిరిగి కౌంటర్ మీద పెట్టింది. “అక్కర్లేదన్నా. నెలైంది మానేసి. నమ్మకం కుదిరినాక చెబుదామని ఆగినాను” అంది. నేను రోడ్డవతలికి కేకేశాను. బీబమ్మక్క బల్ల దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో రోడ్డు దాటి వచ్చింది. పొట్లాలు చూసింది, పిల్లను చూసింది. ఓడిపోయిన మనిషి ఎగిరి గంతేయడం నేను మొదటిసారి చూశాను. నడుం పట్టేసింది. పట్టేసిన నడుంతోనే ఇంకోసారి గంతేసి, కౌంటర్ పట్టుకుని నవ్వుతూ, ఏడుస్తూ నిలబడింది.

“నలభై ఏండ్లకు పైన పట్టిన రోజాలు అల్లా దగ్గర ఎన్ని కబూల్ అయినాయో, ఎన్నిటిని ఆయన ఒప్పుకున్నాడో నాకు తెలియదురా శేఖరా” అంది. “ఈ పిల్లకు నేను పోసిన విషం మాత్రం దిగింది. ఇంక నన్ను ఏమన్నా అనుకోనీ.”

నజ్నీన్ ఆమె చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.